నాష్ మెట్రోపాలిటన్ కన్వర్టిబుల్ కొనే ముందు

వేసవి దగ్గరపడుతోంది, అమెరికాలో టాప్ దించే పాత కార్లు అమ్మకానికొస్తాయి. వాటిలో ఒకటైన నాష్ మెట్రోపాలిటన్, 1954–62 నాటి ఈ ముచ్చటైన చిన్న కారు, అమెరికా కోసం ఇంగ్లండ్‌లో, ఆస్టిన్ కార్ల కంపెనీ వాళ్ల లాంగ్‌బ్రిడ్జ్ ఫ్యాక్టరీలో తయారైంది.

ముందు తుప్పు చూడండి. దీనికి విడిగా ఛాసిస్ (బాడీని మోసే కింది చట్రం) లేదు, బలమంతా బాడీదే. కార్పెట్ ఎత్తి, తలుపుల కింది అంచుల్ని బొటనవేలితో గట్టిగా నొక్కండి. పెయింట్ కింద రేకు పొరలుగా రాలిందా, ఎంత మెరుస్తున్నా వదిలేయండి.

తలుపులు బిగుసుకుంటున్నాయా? బాడీ కుంగి ఉండొచ్చు.

బ్యాటరీ ఎలా కలిపారో అడగండి. అసలు వైరింగ్ పాజిటివ్ ఎర్త్, అంటే బ్యాటరీ ప్లస్ కొసను కారు బాడీకి కలుపుతారు. తిరగేసి కలిపితే కరెంటు భాగాలు కాలిపోవచ్చు.

డిక్కీలో చెమ్మ చూడండి. తొలి మోడళ్లకు బయటి మూత లేదు, వెనక సీటు వంచాల్సిందే.

ఇంజిన్ గురించి అంత టెన్షన్ వద్దు, బాగుచేయించుకోవచ్చు.