యాప్ చేసే ముందు ఒక పొద్దున పాల కేంద్రంలో నిలబడండి

పాల కేంద్రానికి యాప్ చేద్దామని నేను మొదటిసారి వెళ్లింది మధ్యాహ్నం. తప్పంతా అక్కడే మొదలైంది. కేంద్రం ఖాళీ, ఆపరేటర్ బాబాయ్ తీరిగ్గా టీ తాగుతున్నాడు. "యాప్‌లో ఏమేం కావాలి బాబాయ్?" అంటే "అన్నీ పెట్టమ్మా, పేర్లు, ఫోటోలు, అన్నీ" అన్నాడు. నెలరోజులు కూర్చుని అన్నీ పెట్టి ఇచ్చాను. మూడో రోజుకి మళ్లీ పాత పుస్తకం తీశాడు.

అందుకే పని జరిగే వేళకే వెళ్లండి. పాలయితే పొద్దున ఆరింటికి. ఒక మూల నిలబడి, మాట్లాడకుండా చూడండి. రెండోసారి అలా వెళ్తే అరగంటలో సగం సంగతి తెలిసింది. బాబాయ్ ఎవరినీ పేరుతో పిలవడు, "నలభై రెండూ!" అంటాడు. పాలలో వెన్న శాతం కొలిచే మిషన్‌లో శాంపిల్ పెట్టి "ఫ్యాట్ ఆరున్నర" అని గట్టిగా చదువుతాడు, వరసలో ఉన్నవాళ్లకీ వినబడాలి మరి. చేతులు ఎప్పుడూ తడే. తడి వేలికి టచ్ స్క్రీన్ సరిగ్గా పలకదు. ఇవేవీ ఆయన నాకు చెప్పలేదు. రోజూ చేసే పని కదా, చెప్పాలని కూడా తోచదు. ఫోటోలు తీసేసి, సభ్యుల నంబర్లతోనే నడిచేలా మార్చి, నంబర్ల కీబోర్డు ఒకటి తగిలించాం.

వాళ్ల పుస్తకం ఒకసారి చూపించమనండి. గడుల్లో అంకెలు సరే, అంచున గీకినవి చూడండి. అక్కడ పెన్సిల్‌తో "దా 1", "దా 2" అని ఉంది. ఏంటని అడిగితే, అరువుకి తీసుకెళ్లిన దాణా బస్తాలు. పదిహేను రోజుల బిల్లులో కోసుకుంటారు. నా యాప్‌లో దానికి చోటే లేదు!

ప్రశ్నలు జరిగినదాని మీద వేయండి. "ఇలా చేస్తే బాగుంటుందా?" అంటే మొహమాటానికి బాగుంటుందనే అంటారు. "పోయిన బిల్లులో తేడా ఎవరికొచ్చింది? అప్పుడేం చేశారు?" అంటే అసలు కథ బయటికొస్తుంది. వాళ్ల మాట వాళ్ల మాటగానే రాసుకోండి, మన ఆఫీసు భాషలోకి మార్చకండి.

యాప్ నొక్కేవాళ్లతోనే ఆగిపోకండి కూడా. పాలు పోసి వెళ్తున్న ఒకావిడని "పాల లెక్క మెసేజ్ వస్తోందా అత్తా?" అని అడిగాను. నవ్వింది.

"ఖాతా మీ మావయ్య పేరున ఉంది. ఫోను ఆయన జేబులో ఉంటది. లెక్క చీటీ ఎందుకు ఆపేశారమ్మా?"

మెసేజ్ వెళ్తోంది కదా, చీటీ దండగ అని ఆపించింది నేనే. వారం తిరక్కుండా ప్రింటర్ మళ్లీ బల్ల మీదకి వచ్చింది.