యుద్ధానికి, విద్యానిధుల కోతకు వ్యతిరేకంగా తిరుపతిలో విద్యార్థుల ప్రదర్శన ఎలా నిర్వహించాలి?

తిరుపతిలో విద్యార్థుల ప్రదర్శనలకు కొరత లేదు. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం (ఎస్వీయూ) పరిపాలనా భవనం ముందు ధర్నానో, బాలాజీ కాలనీలో మానవహారమో, కలెక్టరేట్ ఎదుట బైఠాయింపో ఏదో ఒకటి జరుగుతూనే ఉంటుంది. అయినా వాటిలో చాలావరకు మరుసటి రోజు జిల్లా పేజీలో ఒక ఫొటోగా మిగిలిపోతున్నాయి. జనం తక్కువగా వచ్చారని నిర్వాహకులు వాపోతారు గానీ, అసలు లోపం అధికారి చేతికిచ్చిన కాగితంలో ఉంటుంది: ఎవరిని అడుగుతున్నారో, ఏమి అడుగుతున్నారో అందులో తేలదు. యుద్ధం వద్దు, చదువుకు డబ్బివ్వండి అనే రెండు మాటలను ఒకే ప్రదర్శనలో కలిపినప్పుడు ఈ గందరగోళం రెట్టింపవుతుంది. అందువల్ల ఈ వ్యాసంలో ఎక్కువ భాగం ఆ కాగితం గురించే ఉంటుంది.

సామగ్రి, మనుషులు

ముందు నడిచేవారు పట్టుకోవడానికి ఒక గుడ్డ బ్యానర్, చేతితో పట్టుకునే చిన్న మైకు, అట్ట మీద రాసిన ప్లకార్డులు, కరపత్రాలు, మంచినీళ్ల క్యాన్లు చాలు. ఫ్లెక్సీ వేయించకూడదు. ఫ్లెక్సీ వచ్చిందంటే దాని మీద ఎవరి ఫొటో పెద్దదిగా ఉండాలనే తగాదా వస్తుంది, తగాదా వచ్చాక యుద్ధమూ గుర్తుండదు, ఫీజులూ గుర్తుండవు. తెల్ల గుడ్డ మీద నీలి అక్షరాలు మాత్రమే రాయాలి. సంఘాల జెండాలను వరుస చివర ఉంచాలి. పది మందికి ఒక కార్యకర్త చొప్పున చేతికి తెల్ల రిబ్బను కట్టుకుని రోడ్డు వైపు నడవాలి.

దిష్టిబొమ్మ దహనం జోలికి అసలు పోకూడదు. బొమ్మ తగలబెట్టిన క్షణంలో కెమెరాలన్నీ మంట వైపు తిరుగుతాయి, పోలీసులు నీళ్ల బకెట్లతో పరుగెత్తుతారు, ఆ తోపులాటలో మీరు ఎందుకు వచ్చారో అడిగే నాథుడు ఉండడు. బంద్ పిలుపు గురించి కూడా నా అభిప్రాయం ఇదే. కళాశాలలు మూయించిన రోజు విద్యార్థులు సినిమాకు వెళ్తారు గాని ఊరేగింపుకు రారు. తరగతులు నడుస్తున్న రోజున, మొదటి గంట అయిపోయాక, ఇష్టపడి బయటికి వచ్చిన రెండు వందల మంది బంద్ రోజు కాగితం మీద లెక్కించే రెండు వేల మంది కన్నా విలువైనవారు.

అనుమతి

శాంతియుతంగా, ఆయుధాలు లేకుండా సమావేశమయ్యే హక్కును రాజ్యాంగం 19వ అధికరణం ఇస్తుంది. అయితే పట్టణంలో ఊరేగింపులను నియంత్రించే పోలీసు చట్టం సెక్షన్ 30 గాని, గుంపులుగా చేరడాన్ని నిషేధించడానికి వాడే, పూర్వం 144గా పిలిచిన, ఇప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 163గా మారిన సెక్షన్ గాని అమలులో ఉందేమో ముందుగా కనుక్కోవాలి. డీఎస్పీ కార్యాలయంలో వారం ముందే దరఖాస్తు ఇవ్వాలి. అందులో తేదీ, సమయం, మార్గం, వచ్చే వారి అంచనా సంఖ్య, ఇద్దరు బాధ్యుల ఫోన్ నంబర్లు రాసి, రెండో ప్రతి మీద ఇన్‌వార్డు ముద్ర వేయించుకోవాలి. నోటిమాటగా ‘చేసుకోండి బాబూ’ అన్న అనుమతిని నమ్ముకోకూడదు. 2025 జనవరిలో వైకుంఠద్వార దర్శనం టోకెన్ల దగ్గర తొక్కిసలాట జరిగి ఆరుగురు భక్తులు చనిపోయిన ఊరు ఇది. గుంపు అనే మాట వింటేనే అధికారులు జాగ్రత్తపడటంలో న్యాయం ఉంది. బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి రోజులను వదిలేయాలి.

డిమాండ్ల పత్రం

ఇక్కడ తొందరపడితే మిగిలిన శ్రమంతా వృథా. ఈ పత్రాన్ని ఒక్క రాత్రిలో హాస్టల్ గదిలో కూర్చుని రాయకూడదు, వాట్సాప్ గ్రూపులో అందరి సలహాలూ కలిపి అసలే రాయకూడదు. అలా రాసిన పత్రంలో పదిహేడు డిమాండ్లు ఉంటాయి, వాటిలో మెస్ సాంబారు నుంచి ప్రపంచ శాంతి వరకు అన్నీ చేరతాయి. ముగ్గురు రాయాలి, ఒకరు కొట్టివేయాలి. డిమాండ్లు మూడుకు మించకూడదు.

మొదటి జాగ్రత్త, ఏ డిమాండును ఎవరు తీర్చగలరో విడదీయడం. హాస్టల్ బిల్లులు, గ్రంథాలయ వేళలు రిజిస్ట్రార్ చేతిలో ఉంటాయి. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలు రాష్ట్ర ప్రభుత్వానివి. యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) ఇచ్చే నిధులు, పరిశోధక ఫెలోషిప్‌లు కేంద్ర విద్యాశాఖ పరిధిలోనివి. యుద్ధం విషయంలో భారత ప్రభుత్వ వైఖరి విదేశాంగ శాఖది. విద్య 1976లో 42వ సవరణతో ఉమ్మడి జాబితాలోకి వచ్చినందువల్ల రాష్ట్రం కేంద్రాన్ని, కేంద్రం రాష్ట్రాన్ని చూపించి తప్పుకోవడం తేలిక. ఒకే పత్రంలో అన్నీ కలిపి రాస్తే మీరే వాళ్లకు ఆ దారి చూపించినట్టు అవుతుంది. కాబట్టి కరపత్రం ఒకటే ఉన్నా వినతిపత్రాలు వేర్వేరుగా ఉండాలి.

రెండో జాగ్రత్త, అంకెలు. ప్లకార్డుల మీద తరచుగా కనిపించే పోలిక ఇది: 2025-26 కేంద్ర బడ్జెట్‌లో రక్షణకు 6,81,210 కోట్ల రూపాయలు, విద్యకు 1,28,650 కోట్లు. అంకెలు సరైనవే. కానీ వాటిని పక్కపక్కన పెట్టి వదిలేస్తే, కాస్త తెలిసిన అధికారి ఎవరైనా మీ నోరు మూయించగలడు, ఎందుకంటే దేశంలో విద్యపై ఖర్చులో పెద్ద వాటా రాష్ట్ర ప్రభుత్వాలది, రక్షణ ఖర్చు మాత్రం పూర్తిగా కేంద్రానిదే. పైగా ఆ రక్షణ కేటాయింపులో 1.60 లక్షల కోట్లకు పైగా పింఛన్లకు పోతుంది. మీ ప్లకార్డు చూసి రోడ్డు పక్క టీ అంగడిలో కూర్చున్న మాజీ సైనికుడు లేచి వచ్చి, “నా పింఛను కూడా అందులోనే ఉంది నాయనా, దాన్ని కోయమంటావా?” అని అడిగితే మీ కార్యకర్త ఏం చెప్తాడో ముందే ఆలోచించుకోవాలి.

కోత గురించి చెప్పేటప్పుడు కూడా ఇదే మెలకువ కావాలి. 2024 ఫిబ్రవరి మధ్యంతర బడ్జెట్‌లో యూజీసీ కేటాయింపు, అంతకుముందు ఏడాది సవరించిన అంచనా అయిన 6,409 కోట్ల నుంచి 2,500 కోట్లకు పడిపోయింది. ఇది నిజమైన, పెద్ద కోత. అయితే అదే బడ్జెట్‌లో కేంద్రీయ విశ్వవిద్యాలయాల పద్దు పెరిగింది. ఆ మాట మీరే ముందుగా చెప్పి, ‘ఎస్వీయూ, పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం లాంటి రాష్ట్ర సంస్థలు ఆ పద్దులోకి రావు గనుక ఆ పెరుగుదల మాకు అందదు’ అని వాదించాలి. మీరు దాచిన సగాన్ని ఎదుటివాడు బయట పెడితే, చెప్పిన సగాన్ని కూడా ఎవరూ నమ్మరు. బడ్జెట్ అంచనా (ఏడాది మొదట్లో వేసినది), సవరించిన అంచనా (మధ్యలో సరిచేసినది), వాస్తవ వ్యయం (చివరికి ఖర్చయినది) అనే మూడు గడుల్లో మీరు ఏ గడిలోని అంకె తీసుకున్నారో దాని పక్కనే రాయాలి. ఈ ఏడాది బడ్జెట్ అంచనాను గత ఏడాది వాస్తవ వ్యయంతో పోల్చడం కరపత్రాల్లో నేను విసిగిపోయేటంత తరచుగా కనిపించే పొరపాటు.

బడ్జెట్ అంకెలు లేకుండా నిలబడే మాట కావాలంటే ఒకటుంది. జాతీయాదాయంలో ఆరు శాతం విద్యకు ఖర్చు చేయాలని 1964-66 నాటి కొఠారీ కమిషన్ చెప్పింది, 1968 నుంచి వచ్చిన విద్యా విధానాలు ఆ లక్ష్యాన్ని వల్లిస్తూ వచ్చాయి, 2020 జాతీయ విద్యా విధానం కూడా అదే రాసుకుంది. ప్రభుత్వం తానే రాసుకున్న మాటను తానే నెరవేర్చమని అడగడం కన్నా గట్టి డిమాండు లేదు.

మూడో జాగ్రత్త, పాత ఉత్తర్వులు. ప్రైవేటు కళాశాలల్లో పీజీ చదివేవారికి ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆపిన జీవో 77 వచ్చింది 2020 డిసెంబరులో. మైనారిటీ పరిశోధకుల మౌలానా ఆజాద్ ఫెలోషిప్ నిలిపివేసినట్టు కేంద్రం ప్రకటించింది 2022 డిసెంబరులో. ఇలాంటి వాటిని పేరుతో, తేదీతో పేర్కొనడం మంచిదే గాని, పత్రం అచ్చుకు పంపే ముందు రోజు ఆ ఉత్తర్వు తాజా పరిస్థితి ఏమిటో చూసుకోవాలి. నిరుడు రాసిన వినతిపత్రంలో తేదీ మాత్రమే మార్చి తెచ్చే నాయకులను దగ్గరికి రానివ్వకూడదు.

నాలుగోదే అన్నిటికన్నా కష్టమైనది: యుద్ధం గురించి ఏమని అడగాలి? ‘యుద్ధం నశించాలి’ అనేది నినాదం. తిరుపతి కలెక్టర్ దాన్ని తీసుకుని ఎవరికి పంపుతారు? డిమాండుగా మారాలంటే దానిలో ఒక ప్రభుత్వం, ఆ ప్రభుత్వం చేయగల ఒక పని ఉండాలి. ఉదాహరణకు, గాజాలో కాల్పుల విరమణ కోరుతూ ఐక్యరాజ్యసమితి సాధారణ సభలో 2023 డిసెంబరులో వచ్చిన తీర్మానానికి భారత్ అనుకూలంగా ఓటేసింది; 2025 జూన్‌లో వచ్చిన తీర్మానంపై ఓటింగ్‌కు దూరంగా ఉండిపోయింది. ‘కాల్పుల విరమణ తీర్మానాలకు భారత్ మళ్లీ అనుకూలంగా ఓటు వేయాలి’ అని రాస్తే అది ఢిల్లీ దాకా వెళ్లగల వాక్యం అవుతుంది.

యుద్ధానికీ చదువుకూ మధ్య వంతెనను కూడా చదివేవారికి తెలిసిన చోటు నుంచే కట్టాలి. 2003 మార్చి 5న ఇరాక్ దాడికి ముందు అమెరికా విద్యార్థులు ‘బాంబులు కాదు, పుస్తకాలు’ అనే నినాదంతో తరగతులు వదిలి బయటికి వచ్చారు. అక్కడ యుద్ధం చేయబోతున్నది వాళ్ల ప్రభుత్వమే గనుక ఆ నినాదం నేరుగా తగిలింది. దాన్నే ఇక్కడ తెచ్చి అంటిస్తే అతకదు. మన విద్యార్థికి యుద్ధం తగిలింది 2022లో, ఉక్రెయిన్‌లో వైద్యవిద్య చదువుతున్న తెలుగు పిల్లలు నేలమాళిగల్లో తలదాచుకుని, ‘ఆపరేషన్ గంగ’ విమానాల్లో తిరిగి వచ్చినప్పుడు. ఖార్కివ్‌లో కర్ణాటక విద్యార్థి ఒకరు ఆ దాడుల్లోనే చనిపోయారు. ఇక్కడ సీటు, ఫీజు అందుబాటులో ఉంటే ఆ పిల్లలు అంత దూరం ఎందుకు వెళ్తారనే ప్రశ్న ఒక్కటే రెండు డిమాండ్లనూ కలుపుతుంది. కరపత్రం మొదటి పేరా ఇక్కడే మొదలవ్వాలి.

దీంతోపాటు సైనికుల గురించి ఒక్క తేలిక మాట కూడా పత్రంలో గాని, నినాదాల్లో గాని రాకుండా చూడాలి. 2025 మేలో సరిహద్దు కాల్పుల్లో గోరంట్ల మండలానికి చెందిన యువ జవాను మరణించినప్పుడు రాయలసీమ ఎలా కదిలిందో మరచిపోకూడదు. యుద్ధాన్ని వ్యతిరేకించడమంటే సైనికుణ్ణి వ్యతిరేకించడం అని ఎవరైనా అనేందుకు సందు ఇస్తే, ఆ రోజు సాయంత్రానికి చర్చ ఫీజుల నుంచి దేశభక్తి మీదికి మళ్లుతుంది, మీరు వివరణలు ఇచ్చుకుంటూ కూర్చోవాలి. నినాదాలన్నీ ముందే కాగితం మీద రాసి, మైకు ఇద్దరి చేతుల్లోనే ఉంచి, వాళ్లు రాసినవి తప్ప కొత్తవి ఎత్తుకోకూడదని గట్టిగా చెప్పాలి. ఉత్సాహంలో పుట్టే నినాదాలే కేసులు తెస్తాయి.

పత్రం పూర్తయ్యాక, ఈ వ్యవహారంతో సంబంధం లేని ఒక మొదటి సంవత్సరం డిగ్రీ విద్యార్థికి ఇచ్చి చదివించాలి. ఎవరు ఏమి చేయాలని అడుగుతున్నామో ఆ పిల్లవాడు చూడకుండా తిరిగి చెప్పలేకపోతే మళ్లీ రాయాలి.

ప్రదర్శన రోజు

ఉదయం పదిన్నరకు ఎస్వీయూ ప్రధాన ద్వారం దగ్గర మొదలుపెట్టి, బాలాజీ కాలనీలో జ్యోతిరావు ఫూలే విగ్రహం దగ్గర ముగించాలి. మహిళా విశ్వవిద్యాలయం విద్యార్థినులు హాస్టల్ వేళకు తిరిగి చేరాలంటే సాయంత్రపు ప్రదర్శనలు పనికిరావు. రుయా, స్విమ్స్ ఆసుపత్రుల వైపు వెళ్లకూడదు. ఆసుపత్రులకు వంద మీటర్ల లోపు నిశ్శబ్ద మండలం, అక్కడ మైకు మోగితే చట్టమే కాదు, ఊరు కూడా మీకు ఎదురవుతుంది. అలిపిరి దాటి పైకి నినాదాలతో పోవాలన్న ఆలోచన ఎవరికైనా వస్తే మొదట్లోనే ఆపాలి. ఉపన్యాసాలు మూడు చాలు, ఒక్కొక్కటి ఐదు నిమిషాలు. వాటిలో ఒకటి తప్పనిసరిగా ఫీజు బకాయి వల్ల సర్టిఫికెట్ చేతికి రాని విద్యార్థిది కావాలి.

కలెక్టరేట్ తిరుచానూరు దగ్గర పద్మావతి నిలయంలో ఉంది, కాబట్టి అందరినీ అక్కడికి నడిపించడం వట్టి ఆయాసం. ప్రదర్శనను సోమవారం పెట్టుకుంటే, ఆ రోజు ప్రజా సమస్యల పరిష్కార వేదిక జరుగుతుంది గనుక, ఐదుగురు ప్రతినిధులు ఆటోలో వెళ్లి వినతిపత్రాలు ఇచ్చి రావచ్చు. నమోదు సంఖ్య ఉన్న రసీదు తీసుకోకుండా గది బయటికి రాకూడదు. ఫొటో దిగడం తరువాత సంగతి.

ఆ తరువాత

రసీదు ప్రతిని హాస్టల్ నోటీసు బోర్డుల్లో పెట్టాలి. నెల రోజులు ఆగి, సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో దరఖాస్తు వేయాలి. అందులో ‘మా డిమాండ్లపై ఏం చర్య తీసుకున్నారు?’ అని అడగకూడదు. ‘పరిశీలనలో ఉంది’ అనే జవాబు వస్తుంది. ‘ఫలానా నమోదు సంఖ్య గల వినతిపత్రాన్ని ఏ తేదీన, ఏ శాఖకు, ఏ లేఖ ద్వారా పంపారో ఆ లేఖ ప్రతి ఇవ్వగలరు’ అని అడగాలి. ముప్పై రోజుల్లో జవాబు రాకపోతే మొదటి అప్పీలు వేయాలి, ఆ అప్పీలు ప్రతిని తరువాతి ప్రదర్శన కరపత్రం వెనుక వైపు అచ్చు వేయించాలి.