తూటాల పద్దు, 4వ పాఠం: వచ్చింది వాళ్లు రాస్తారు, పోయింది మనం రాసుకోవాలి

పోయిన పాఠం చివర ఒక ప్రశ్న వదిలాను. ఎయిర్ రైఫిల్‌కి కొన్న పెల్లెట్ల (చిన్న లోహపు గుళ్ల) డబ్బాని, బ్రిటన్‌లో పోలీసులిచ్చే తుపాకీ సర్టిఫికెట్ మీద ఎక్కించాలా? అక్కర్లేదు. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కంచు పతకం కొట్టింది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌తోనే. ఆ పెల్లెట్లను 1968 ఫైర్‌ఆర్మ్స్ చట్టం మొదటి సెక్షన్‌లోనే పక్కన పెట్టేశారు. అయిదు గానీ అంతకన్నా ఎక్కువ గానీ గుళ్లుండి, ఏ గుండూ 0.36 అంగుళాల వ్యాసం దాటని షాట్‌గన్ కార్ట్‌రిడ్జులు కూడా ఈ పద్దులోకి రావు. అంగుళం వ్యాసం మించని బ్లాంకులూ (బుల్లెట్ లేకుండా చప్పుడు మాత్రమే చేసేవి) అంతే. ఇక మనకి ముఖ్యంగా మిగిలేవి రైఫిల్ తూటాలు, షాట్‌గన్‌లో వేసే ఒంటిగుండు స్లగ్గులు. ఇదంతా ఇంగ్లండ్, వేల్స్, స్కాట్లండ్ మాట. ఉత్తర ఐర్లండ్‌లో చట్టమే వేరు, అక్కడున్నవాళ్లు ఈ పాఠం నమ్ముకోవద్దు.

సర్టిఫికెట్ తీసి ముందు పెట్టుకోండి. తూటాల పట్టికలో ప్రతి కాలిబర్ (తూటా కొలత, .22, .308 లాంటివి) ఎదురుగా రెండు అంకెలు ఉంటాయి. ఒకటి, ఏ సమయంలోనైనా మీ దగ్గర ఉండదగ్గ గరిష్ఠ నిల్వ. రెండోది, ఒక్కసారికి కొనదగ్గ గరిష్ఠం. ఇండియాలో తుపాకీ లైసెన్సు చూసిన కళ్లు ఇక్కడే తడబడతాయి. అక్కడ ఒకసారికి ఇంత, ఏడాదికి ఇంత అని రాసి ఉంటుంది కాబట్టి, రెండో అంకెని ఏడాది కోటా అనుకుంటారు. ఇక్కడ ఏడాది కోటా అనేదే లేదు. ఈ వారం కొని, కాల్చేసి, వచ్చే వారం మళ్లీ కొనుక్కోవచ్చు.

ఒక లెక్క వేద్దాం. .22 కి నిల్వ 1,000, కొనుగోలు 800 అని మీ సర్టిఫికెట్‌లో ఉందనుకోండి. బీరువాలో 340 ఉన్నాయి. కొట్టుకెళ్లి ఎన్ని కొనొచ్చు? 800 అని నోరు జారేవాళ్లే ఎక్కువ. 1,000 లోంచి 340 తీసేస్తే 660. ఈ 660, ఆ 800, రెండిట్లో ఏది తక్కువైతే అదే మీ హద్దు. .22 పెట్టెకి మామూలుగా 50 ఉంటాయి, పది పెట్టెల కట్టని కొట్లో బ్రిక్ అంటారు. అంటే ఒక బ్రిక్ తీసుకుని, ఇంకా మూడు విడి పెట్టెలు తీసుకోవచ్చు. నాలుగోది కుదరదు, 660 దాటిపోతుంది. దాటితే ఏమవుతుందని అడిగారొకరు. అనుమతికి మించి తూటాలు ఉంచుకోవడం సర్టిఫికెట్ లేకుండా ఉంచుకోవడం లాంటి నేరమే, అయిదేళ్ల దాకా జైలు పడొచ్చు. నలభై తూటాలకే అంత శిక్ష వేస్తారని కాదు, సర్టిఫికెట్ మాత్రం చేజారొచ్చు.

ఇప్పుడు కౌంటర్ దగ్గరికి వెళ్దాం. అసలు కాగితం పట్టుకెళ్లాలి, ఫోన్‌లో ఫొటో చూపిస్తే తూటాలివ్వరు. ఆన్‌లైన్‌లో డబ్బు కట్టినా సరుకు మీ చేతికే, ఎదురెదురుగా అందాలని 1997 సవరణ చట్టం చెబుతోంది. "మా ఆవిడ అటే వస్తోంది, తనకిచ్చి పంపండి" అంటే కుదరదు. కొట్టాయన కాగితం తిప్పి చూస్తాడు, కాలిబర్ ఉందా, అంకె సరిపోతుందా అని వేలుపెట్టి వెతుకుతాడు, ఆ తర్వాత పెన్ను తీస్తాడు. తేదీ, కాలిబర్, ఎన్ని, ఇచ్చింది ఎవరు, సంతకం. ఒక్క వరుస. రాసేది ఆయన, మీరు కాదు. ఆ గళ్లలో మీ చేతిరాత పడకూడదు.

ఆయన రాస్తుంటే మీరు గోడ మీద బొమ్మలు చూడకండి. ఒకసారి నేను .308 తూటాలు 200 కొన్నాను. ఇంటికొచ్చి దీపం కింద చూసుకుంటే కాలిబర్ గడిలో .303 అని ఉంది. నా సర్టిఫికెట్‌లో .303 అన్నదే లేదు! అంటే ఆ కాగితం ప్రకారం నేను అనుమతి లేని తూటాలు 200 కొన్నట్టు. రాత్రంతా నిద్ర లేదు. పొద్దున్నే వెళ్తే ఆయన తన రిజిస్టర్ తెరిచి చూశాడు. అందులో సరిగ్గానే ఉంది. అమ్మిన 24 గంటల్లోపు వాళ్ల పుస్తకంలో పద్దు పడాలని చట్టం, అది నన్ను కాపాడింది. ఆయనే ఒక గీత గీసి, సరిచేసి, పక్కన సంతకం పెట్టాడు. అప్పట్నుంచి కౌంటర్ దగ్గరే ఒకసారి పైకి చదివి వినిపిస్తాను. నవ్వుతారు, నవ్వనివ్వండి.

ఎన్ని అనే గడిలో తూటాల సంఖ్య పడాలి, పెట్టెల సంఖ్య కాదు. "1 బ్రిక్" అని రాస్తే వెంటనే 500 అని మార్పించండి. .308 పెట్టెకి ఎక్కువగా 20 ఉంటాయి, .22 కి 50. పెట్టె అనే మాట ఏ లెక్కకీ పనికిరాదు.

తుపాకీ కొన్నప్పుడు ఏడు రోజుల్లో పోలీసు లైసెన్సింగ్ విభాగానికి తెలపాలని రెండో పాఠంలో చెప్పుకున్నాం. తూటాలకి ఆ ఉత్తరం అక్కర్లేదు. ఈ వరుసే సాక్ష్యం. వరుసలు నిండిపోతే లైసెన్సింగ్ విభాగాన్ని అడగండి. తెల్లకాగితం గీసి జిగురుతో అంటించినవాడిని చూశాను, అలా మాత్రం చెయ్యకండి.

ఇక అసలు సంగతి. సర్టిఫికెట్ మీద కొన్నదే పడుతుంది, కాల్చింది పడదు. మార్చిలో 500, ఏప్రిల్లో 500, మే నెలలో 500. కాగితం కూడితే 1,500, మీ హద్దు 1,000. చూసేవాడికి హద్దు దాటినట్టే ఉంటుంది, నిజానికి బీరువాలో 200 కూడా ఉండకపోవచ్చు. హద్దు నిల్వ మీద పెట్టారు, కాగితం రాబడి మాత్రమే చెబుతుంది. మధ్యలో ఉన్న ఖర్చుని ఎవరూ రాయరు. రాయమని చట్టం మిమ్మల్నీ అడగదు. రాసుకోకపోతే మాత్రం మీ నిల్వ ఎంతో మీకే తెలీదు.

తెనాలిలో మా నాన్నకి ఎరువుల కొట్టుండేది. స్టాక్ రిజిస్టర్‌లో ప్రారంభ నిల్వ, రాబడి, అమ్మకం, ముగింపు నిల్వ అని నాలుగు గళ్లు గీసి, రాత్రి తలుపు వేసే ముందు బస్తాలు లెక్కపెట్టి రాసేవాడు. నా తూటాల చిట్టా అచ్చం అదే. కాలిబర్‌కి ఒక పేజీ. ఇదిగో .22 పేజీలో కొంత:

మార్చి 3. బీరువా తెరిచి లెక్కపెట్టిన నిల్వ 340.
మార్చి 8. కొన్నది 500. నిల్వ 840.
మార్చి 9. క్లబ్బులో కాల్చింది 120. నిల్వ 720.
మార్చి 16. కాల్చింది 80, పేలనిది 1, రేంజి (తుపాకీ కాల్చే చోటు) అధికారికి ఇచ్చేశాను. నిల్వ 639.

ఆ పేలని ఒక్కదాని గురించి. పిన్ను గుర్తు పడినంత మాత్రాన అది చచ్చిన తూటా కాదు, లోపల మందూ బుల్లెట్టూ అలాగే ఉన్నాయి. లెక్కలో అది బతికున్నదే. పేలిపోయిన ఖాళీ ఇత్తడి గొట్టం మాత్రం లెక్కలోకి రాదు, ఎన్నయినా దాచుకోండి.

ఎప్పుడు రాయాలి? రేంజి నుంచి బయటికొచ్చి, కారు స్టార్ట్ చేసే ముందు. ఆదివారం రాత్రి గుర్తు తెచ్చుకుని రాస్తే అది చిట్టా కాదు, ఊహాగానం. రాసేముందు జేబులు తడుముకోండి. పోయిన చలికాలం నా పాత కోటు చిరిగిన జేబులోంచి అస్తరులోకి జారిన .22 తూటా ఒకటి, మూడు నెలల తర్వాత వాషింగ్ మెషిన్‌లో టంగుమని మోగింది. చిట్టా తిరగేస్తే జనవరిలో ఒకటి తగ్గిందని ప్రశ్నార్థకం పెట్టి ఉంది. అప్పుడే వెతకాల్సింది, బద్ధకించాను.

కాలిబర్ పేర్లలో ఒక మెలిక ఉంది. .22 లో మెల్లగా పోయేదైనా, వేగంగా పోయేదైనా, తొర్రమొనదైనా పేజీ ఒక్కటే. .357 లీవర్ రైఫిల్ (మీట లాగి తూటా ఎక్కించేది) ఉన్నవాళ్లు అందులో .38 స్పెషల్ కూడా వేస్తారు, అదీ తేలిగ్గా ఆడుతుంది. సర్టిఫికెట్‌లో .357 ఒక్కటే రాసి ఉంటే కొట్టాయన .38 ఇవ్వడానికి జంకుతాడు. దరఖాస్తు పెట్టేటప్పుడే రెండూ కలిపి రాయించుకోండి.

ఇంట్లో తూటాలు నింపుకునేవాళ్లకి పద్దు ఇంకొంచెం వేరు. గొట్టం, బుల్లెట్, మందు, ప్రైమర్ (మందుకి నిప్పంటించే చిన్న మూత) విడివిడిగా ఉన్నంతసేపు అది తూటా కాదు. ప్రైమర్లు కొనేటప్పుడు సర్టిఫికెట్ చూపించాల్సిందే, తూటాల పట్టికలో మాత్రం ఎక్కదు. నాలుగూ కలిపి నొక్కిన క్షణం నుంచి అది నిల్వలో చేరుతుంది. ఎవరూ అమ్మలేదు కాబట్టి సర్టిఫికెట్ మీద వరుస పడదు. అంటే ఈ సరుకు మీ చిట్టాలో తప్ప ఇంకెక్కడా కనబడదు. ఇంట్లో నింపేవాడు చిట్టా రాయకపోతే కళ్లు మూసుకుని లెక్క చెప్పినట్టే. 2017 కి ముందు, తగలగానే విచ్చుకునే రైఫిల్ బుల్లెట్లు విడిగా ఉన్నా లెక్కలోకి వచ్చేవి. ఆ ఏడాది చట్టంతో అది పోయింది, పాత పుస్తకాలు చదివి కంగారు పడకండి.

చివరిగా, అందరూ జారే చోటు. క్లబ్బులో స్నేహితుడు ఊరు వదిలి వెళ్తూ "ఈ రెండు పెట్టెలు నువ్వుంచుకో బాబాయ్" అంటాడు. డబ్బు తీసుకోలేదు కాబట్టి పద్దు అక్కర్లేదనుకుంటాం. ఊరికే ఇచ్చినా ఇచ్చినట్టే లెక్క. అతను మీ సర్టిఫికెట్ చూడాలి, మీ నిల్వలో చోటుందో అడగాలి, చేతికిచ్చి, మీ పట్టికలో తన వివరాలు రాసి సంతకం చెయ్యాలి. ఇక్కడ కొట్టాయన పాత్ర అతనిది. ఆమోదం పొందిన క్లబ్బులో సభ్యుడిగా అక్కడే కాల్చి అక్కడే ఖర్చు చేసేది వేరు సంగతి. గేటు దాటి ఇంటికొచ్చేది మాత్రం రాయాల్సిందే.

ఈ వారం అభ్యాసం. .308 కి నిల్వ హద్దు 400, కొనుగోలు హద్దు 300. బీరువాలో 180 ఉన్నాయి, అందులో 40 మీరు ఇంట్లో నింపినవి. శనివారం పొద్దున కెనడా వెళ్లిపోతున్న స్నేహితుడు 60 ఇచ్చాడు. అదే మధ్యాహ్నం కొట్లో 20 తూటాల పెట్టెలు చవగ్గా ఉన్నాయి. ఎన్ని పెట్టెలు తీసుకోవచ్చు? ఆ రోజు సర్టిఫికెట్ మీద ఎన్ని వరుసలు పడతాయి, ఒక్కొక్కటీ ఎవరి చేతిరాతలో? ఆ 40 కి వరుస ఎక్కడుంది? ఇది మొదలుపెట్టే ముందు మీ బీరువా తెరిచి, పెట్టె మీద అంకె చూసి కాదు, మూత తీసి ఒక్కొక్కటీ లెక్కపెట్టి, మొదటి పేజీ మొదటి వరుసలో ప్రారంభ నిల్వ రాయండి.