నల్లబడ్డ వెండికి ఫాయిల్, వంట సోడా

వరలక్ష్మీ వ్రతం ముందురోజు బీరువాలోంచి తీస్తే కుంకుమ భరిణె, కుందులు నల్లగా ఉంటాయి, పళ్ళపొడితో రుద్దీ రుద్దీ వేళ్ళు నొప్పి, పైగా గీతలు. ఇప్పుడు ఇలా చేస్తున్నా. ముందు నూనె జిడ్డు సబ్బుతో వదిలించి, స్టీలు గిన్నెలో చపాతీలు చుట్టే అల్యూమినియం ఫాయిల్ పరిచి, వెండి దానికి తగిలేలా పెట్టి, 2 పెద్ద చెంచాల వంట సోడా, 1 చెంచా ఉప్పు వేసి, మరిగిన నీళ్ళు లీటరు పోయాలి. పొంగుతుంది, మొహం దూరంగా పెట్టండి. కాస్త కుళ్ళిన గుడ్డు వాసన వస్తుంది, నలుపు వదులుతోందనే. 5 నిమిషాలకు తీసి కడిగి, నూలు గుడ్డతో తడి లేకుండా తుడిచేయండి.

ముత్యాలు, రాళ్ళు పొదిగినవి మాత్రం వేయొద్దు. ఆక్సిడైజ్డ్ నగలూ అంతే, డిజైన్‌లోని నలుపు కూడా పోతుంది.