గుత్తేదారు ముఖం చాటేస్తే మేస్త్రీ బాకీ ఎవరు కట్టాలి?

కడపలో మా పాత మిద్దె ఇంటికి మరమ్మతులు చేయించాం. నాపరాళ్లు తీసి టైల్స్ వేయడం, స్నానాలగది కట్టడం మొత్తం నాలుగు లక్షలకు ఒకరికే గుత్తకు ఇచ్చాం. మూడు లక్షలు ముట్టాక స్నానాలగది వాలు తేడా వచ్చింది. నీళ్లు తూము వైపు కాకుండా గడప వైపు పారుతున్నాయి. ఆ తగాదాతో గుత్తేదారు రావడం మానేశాడు. వారం తిరక్కుండా టైల్స్ మేస్త్రీ తెల్లవారుజామున తలుపు తట్టాడు. "అక్కా, నేనూ ఇద్దరు కూలీలూ పద్నాలుగు రోజులు చేశాం. ముప్పై నాలుగు వేలు రావాలి. మీరైనా ఇప్పించండి."

ఇలాంటి పరిస్థితిలో ముందు తేల్చుకోవలసింది, అతన్ని పనికి పిలిచింది ఎవరన్నది. గుత్తేదారు పిలిచి, రేటు మాట్లాడి ఉంటే బాకీ గుత్తేదారుదే. ఒప్పందం చేసుకున్నవారి మధ్యే అది చెల్లుతుందన్నది మన న్యాయంలో మూలసూత్రం. అయితే మధ్యలో మీరే "వంటగదిలో ఇంకో అరుగు కూడా వేసిపెట్టు" అని మేస్త్రీకి నేరుగా చెప్పి ఉంటే, ఆ అరుగు కూలి మీరే ఇవ్వాలి. మా ఇంట్లో అలాంటి అదనపు పని లేదు.

రెండోది, నోటి మాట జాగ్రత్త. గుమ్మంలో నిలబడిన మనిషిని చూస్తే "ఆయన ఇవ్వకపోతే నేనిస్తాలే" అని నోటిదాకా వస్తుంది. నాకూ వచ్చింది. కానీ భారత కాంట్రాక్టు చట్టం, 1872లోని 126వ సెక్షన్ ప్రకారం హామీ కాగితం మీదే ఉండాలని లేదు, నోటితో ఇచ్చినా హామీయే. సిమెంటు కొట్టువాడికి ఫోనులో "ఇవ్వండి, నాదీ పూచీ" అన్నా అంతే. కాబట్టి తొందరపడి ఒప్పుకోవద్దు, కసిరి పంపవద్దు. అతను మోకాళ్ల మీద కూర్చుని పరిచిన నేల మీదే మనం నడుస్తున్నాం. "మీ లెక్క రాసివ్వండి, గుత్తేదారుతో కలిసి కూర్చుందాం" అనండి.

ఆ తర్వాత లెక్క తీయండి. గుత్త మొత్తం ఎంత, ఇచ్చింది ఎంత, చెడిన పని సరిచేయడానికి ఎంత? మా చేతిలో లక్ష మిగిలింది. వాలు సరిచేయడానికి ఇరవై ఆరు వేలు అవుతుందని వేరే మేస్త్రీ కొలిచి చెప్పాడు. అదీ, టైల్స్ కూలీ పోగా గుత్తేదారుకు నలభై వేలు రావాలి. వాలు కనిపించేలా నీళ్లు పోసి ఫోటోలు తీసి పెట్టుకున్నాం.

అన్నిటికన్నా ముఖ్యం ముగ్గురి సంతకాల కాగితం. గుత్తేదారు ఒప్పుకోకుండా మేస్త్రీకి మీరే డబ్బిచ్చేస్తే, గుత్తేదారు తన బాకీ మొత్తం మళ్లీ అడగవచ్చు. రెండుసార్లు కట్టే ప్రమాదం ఇక్కడే ఉంది. "ఇంత మొత్తం మేస్త్రీకి నేరుగా ఇస్తే నా గుత్తలో జమ" అని గుత్తేదారు చేత రాయించుకోండి. డబ్బు బ్యాంకు ద్వారానే పంపండి, ముట్టినట్లు మేస్త్రీ సంతకం తీసుకోండి.

గుత్తేదారు పలకకపోతే రిజిస్ట్రేషన్‌తో స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. దానికీ కదలకపోతే, లోక్ అదాలత్‌లు నడిపే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు అర్జీ పెట్టండి. మేస్త్రీ కూడా పెట్టవచ్చు. కేసు వేయకముందే లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే అది సివిల్ కోర్టు డిక్రీతో (తీర్పుతో) సమానం, దానిపై అప్పీలు ఉండదు. పని నాసిరకమని గుత్తేదారుపై మీకున్న ఫిర్యాదుకు వినియోగదారుల కమిషన్ ఉంది. రెండేళ్లలోపు వేయాలి. ఇచ్చిన సొమ్ము ఐదు లక్షల లోపైతే రుసుము లేదు.

మా గుత్తేదారు నోటీసు అందాక వచ్చి, మా వసారాలోనే కూర్చుని సంతకం పెట్టాడు. టైల్స్ మేస్త్రీకి ఆ సాయంత్రమే ముప్పై నాలుగు వేలు పంపాం. స్నానాలగది వాలు సరిచేయడానికీ అతన్నే పిలిచాం. ఈసారి రేటు మాట్లాడింది మేమే, కనుక ఆ కూలి బాధ్యత కూడా మాదే.