చిత్తడి నేలల అభయారణ్యంలో బృందంగా రెండు రోజుల పక్షి వీక్షణ

శని, ఆదివారాలు రెండూ చేతిలో ఉన్నాయని అభయారణ్యంలోని ప్రతి గట్టునూ చుట్టి రావాలనుకునే బృందం నడకతోనే అలసిపోతుంది. మూడు నాలుగు చోట్లను మాత్రమే ఎంచుకుని, వాటి దగ్గరకే వేర్వేరు వేళల్లో మళ్లీ వెళ్లే బృందం ఎక్కువ పక్షులను చూడడమే కాక, వాటి నడవడిని కూడా గమనించగలుగుతుంది. కాబట్టి ప్రణాళికలో మొదటి పని చూడవలసిన చోట్లను తగ్గించుకోవడం.

బయలుదేరే ముందు అభయారణ్యం కార్యాలయాన్ని అడిగి తెరిచే వేళలు, అనుమతులు, మూసి ఉంచిన దారుల గురించి తెలుసుకోవాలి. చాలామంది అడగడం మరిచిపోయే ప్రశ్న నీటిమట్టం గురించినది. పలుచని నీరు, తడి బురద ఉన్నచోట ఉల్లంకుల వంటి బురద పక్షులు చేరతాయి. మోకాలి లోతు లోపు నీటిలో తలకిందులుగా వంగి మేసే బాతులు, అంతకంటే లోతైన నీటిలో మునిగి మేత వెతికే బాతులు కనిపిస్తాయి. సముద్ర తీరపు చిత్తడి నేల అయితే ఆటుపోట్ల వేళలు కూడా చూసుకోవాలి. పోటు పెరుగుతున్నప్పుడు బురద నేల కుంచించుకుపోయి, దూరంగా మేస్తున్న పక్షులు ఒడ్డుకు దగ్గరగా వస్తాయి కనుక, నిండు పోటుకు గంట రెండు గంటల ముందే చేరుకుని కదలకుండా నిలబడడం మంచిది.

బృందంలో ఎనిమిది, పది మందికి మించకపోతే మేలు. ఒకరు ముందు నడవాలి, ఒకరు వెనుక ఉండి ఎవరూ తప్పిపోకుండా చూడాలి, మరొకరు లెక్కలు రాయాలి. రాసే వ్యక్తికి చూసే అవకాశం తగ్గుతుంది కాబట్టి ఆ బాధ్యతను పూటపూటకూ మార్చుకోవాలి.

నిలబడే చోటును వెలుతురు నిర్ణయిస్తుంది. సూర్యుడు వీపు వైపు ఉండాలి కనుక ఉదయం నీటికి తూర్పు ఒడ్డున, సాయంత్రం పడమటి ఒడ్డున ఉండేలా దారి వేసుకోవాలి. ఎదురెండలో అన్ని బాతులూ నల్లని నీడలే. గాలిని కూడా లెక్కలోకి తీసుకోవాలి: నీటి పక్షులు సాధారణంగా గాలికి ఎదురుగా తిరిగి కూర్చుంటాయి, వాలేటప్పుడూ ఎదురుగాలిలోనే వాలతాయి. గాలి మన వెనుక నుంచి వీస్తుంటే, అవి మన వైపు ముఖం పెట్టి దిగడం చూడవచ్చు.

బైనాక్యులర్లలో 8×42 రకం (ఎనిమిది రెట్లు పెద్దది చేసి చూపేది, ముందు కటకం వెడల్పు 42 మి.మీ.) బృందానికి అనువైనది. పది రెట్లు పెద్దది చేసి చూపేదానిలో చేతి వణుకు కూడా అంతే పెద్దదవుతుంది. కొత్తవారికి మొదటి రోజే సర్దుబాటు నేర్పాలి: కుడి కన్ను మూసి మధ్య చక్రంతో ఎడమ కంటికి స్పష్టత తెచ్చుకుని, తర్వాత ఎడమ కన్ను మూసి కుడి కటకం దగ్గరి రింగును తిప్పి సరిచేసుకోవాలి. కళ్లద్దాలు ఉన్నవారు కంటి దగ్గరి రబ్బరు అంచులను లోపలికి తిప్పుకోవాలి. స్పాటింగ్ స్కోప్ (దూరపు పక్షులను చూసే, స్టాండుపై నిలిపే చిన్న దూరదర్శిని) ఉంటే దాన్ని పొట్టివారి ఎత్తుకు సరిపోయేలా నిలిపి, చూసేవారు స్టాండును చేత్తో పట్టుకోకూడదని ముందే చెప్పాలి. ఎండ ముదిరాక వేడి గాలి తెరలు లేచి దూరపు పక్షులు అలల్లా కదులుతాయి, అందువల్ల స్కోప్ పని ఉదయమే ముగించాలి.

పక్షిని చూపించడంలోనే బృందాలు ఎక్కువగా తడబడతాయి. "అదిగో, అక్కడ" అనే మాట ఎవరికీ ఉపయోగపడదు; కదలని గుర్తును ముందు చెప్పి, దానికి ఎడమనో కుడినో, ఎంత దూరమో చెప్పాలి. పేరు చెప్పే ముందు ఆకారం, ముక్కు, కాళ్ల రంగు, మేత పద్ధతి చెప్పించడం కొత్తవారికి అసలైన పాఠం. ఉదాహరణకు బురద పక్షుల్లో ప్లోవర్లు కొంత పరుగెత్తి, ఆగి, ఒక్కసారి పొడుస్తాయి. గాడ్‌విట్లు పొడవాటి ముక్కును బురదలో లోతుగా దించి వెతుకుతాయి.

మేస్తున్న గుంపు తలలెత్తి చూడడం మొదలుపెడితే, మీరు ఇప్పటికే ఎక్కువ దగ్గరకు వచ్చారని అర్థం. వెంటనే ఆగి, నెమ్మదిగా వెనక్కి తగ్గాలి; వలస పక్షులకు అనవసరంగా ఎగరడం శక్తి నష్టం. వాహనం నుంచి చూడడానికి అనుమతి ఉన్న దారుల్లో లోపలే కూర్చోండి, పక్షులు కాలినడక మనుషులకంటే వాహనాన్ని ఎక్కువగా సహిస్తాయి. రికార్డు చేసిన కూతలు వినిపించి పక్షులను రప్పించడం నా దృష్టిలో మోసమే.

పెద్ద గుంపును లెక్కించడానికి ముందు పది పక్షులను ఒక్కొక్కటిగా లెక్కించి, ఆ పదీ ఎంత చోటు ఆక్రమించాయో గుర్తుంచుకుని, అంతే పరిమాణపు ముక్కలుగా మిగతా గుంపును కొలవాలి. 2002లో కార్నెల్ పక్షిశాస్త్ర ప్రయోగశాల, నేషనల్ ఆడుబాన్ సొసైటీ ప్రారంభించిన ఈబర్డ్‌లో (చూసిన పక్షుల జాబితాలను నమోదు చేసే ఆన్‌లైన్ వేదిక), బృందం తరఫున ఒకరే జాబితా నమోదు చేసి మిగతావారితో పంచుకోవచ్చు. ప్రతి చోటుకూ వేరే జాబితా తయారుచేసి, గుర్తించిన జాతులన్నీ రాస్తేనే దాన్ని పూర్తి జాబితాగా గుర్తించాలి. శనివారం రాత్రి అందరూ కూర్చుని సందేహాస్పదమైన పేర్లను చర్చించుకుంటే, ఆదివారం ఉదయం అదే గట్టున ఏ పక్షిని మరోసారి నిశితంగా చూడాలో స్పష్టమవుతుంది. గూళ్ల దగ్గర తీసిన ఫోటోలను మాత్రం స్థలం వివరాలతో ఎక్కడా పంచుకోవద్దు.