మేడ మీద గదికి వైఫై అందకపోతే: డాలస్‌లో కొత్తగా ఇల్లు తీసుకున్నవారికి

డాలస్ చుట్టుపక్కల అపార్ట్‌మెంట్ నుంచి రెండంతస్తుల ఇంటికి మారినవాళ్ళు నెల తిరక్కుండానే అడిగే ప్రశ్న ఒకటుంది. "కింద హాల్లో నెట్ బ్రహ్మాండంగా వస్తోంది. పైన ఆఫీసు గదిలో కూర్చుంటే కాల్ తెగిపోతోంది. ప్లాన్ పెంచమంటారా?"

వద్దు. నెట్ కంపెనీకి ఫోన్ చేస్తే అవతలివాళ్ళు చెప్పేది మాత్రం అదే, 300 ఎంబీపీఎస్ (నెట్ వేగం కొలత) ప్లాన్ తీసేసి 1000కి వెళ్ళమని. నేనూ మొదట్లో వెళ్ళాను. నెలనెలా బిల్లు పెరిగింది, పై గదిలో కాల్ ఎప్పటిలాగే తెగింది. ఒక వీడియో కాల్‌కి నాలుగైదు ఎంబీపీఎస్ చాలు. ట్యాంకు ఎంత పెద్దది కట్టినా పై బాత్రూమ్‌కి వెళ్ళే పైపు సన్నగా ఉంటే కుళాయిలో ధార రాదు కదా, ఇదీ అంతే.

ముందు రోగం ఎక్కడుందో చూసుకోండి. లాప్‌టాప్‌ని రౌటర్‌కి కేబుల్‌తో కలిపి స్పీడ్ టెస్ట్ పెట్టండి. తర్వాత కేబుల్ తీసేసి అక్కడే వైఫై మీద ఒకసారి, పై గదిలో ఒకసారి. కేబుల్ మీదే తక్కువ వస్తే లైను సంగతి, కంపెనీవాళ్ళనే పిలవాలి. పై గదిలో మాత్రమే పడిపోతుంటే అది ఇంట్లో సంగతి, మనమే చూసుకోవచ్చు.

మన ఊళ్ళో ఇటుక గోడలు, కాంక్రీట్ స్లాబు కాబట్టి సిగ్నల్ ఆగిందంటే అర్థముంది. ఇక్కడ లోపలి గోడలు చెక్క ఫ్రేముకి కొట్టిన జిప్సం బోర్డులు, సిగ్నల్ వాటిని పెద్దగా కష్టపడకుండానే దాటుతుంది. మరి అందనిదెందుకంటే, చాలా ఇళ్ళలో రౌటర్ ఉన్న చోటే కారణం. కొత్త ఇళ్ళలో బిల్డర్ వైర్లన్నీ తెచ్చి క్లోజెట్‌లోనో లాండ్రీ గదిలోనో గోడలో బిగించిన పెట్టెలో కలుపుతాడు. అది తరచూ ఇనుప రేకు పెట్టె. బిగించడానికి వచ్చినతను రౌటర్‌ని కూడా అందులోనే కుక్కి తలుపేసి వెళ్ళిపోతాడు. ముందు దాన్ని బయటికి తీసి, వీలైతే ఇంటి మధ్యకి తెచ్చి, అల్మారా మీద ఎత్తుగా పెట్టండి. ఫ్రిజ్ వెనక, పెద్ద అద్దం వెనక, టీవీ వెనక వద్దు. మైక్రోవేవ్ పక్కన అసలే వద్దు. అదీ పాత వైఫై బ్యాండూ రెండూ 2.4 గిగాహెర్ట్జ్ దగ్గరే పనిచేస్తాయి, మీరు పప్పు వేడి చేసుకున్నప్పుడల్లా పక్క గదిలో కాల్ గరగరలాడుతుంది. ఇంతతోనే సరిపోయిందా, రెండో రౌటర్ డబ్బులు మిగిలినట్టే.

సరిపోకపోతే రెండో రౌటర్ పెట్టాలి. అది ఎలాంటిదన్నదాని కంటే, మొదటిదానికి దాన్ని ఎలా కలిపారన్నదే ముఖ్యం. మధ్యలో వైరు ఉంటే పాత రౌటర్ కూడా చక్కగా పనిచేస్తుంది. వైరు లేకపోతే ఖరీదైనది కూడా సగం పనే చేస్తుంది. దుకాణంలో చవగ్గా దొరికే రిపీటర్లలో (వైఫైని అందుకుని మళ్ళీ పంచే పెట్టెల్లో) ఎక్కువ భాగం ఒకే రేడియోతో అటు వింటూ ఇటు మాట్లాడతాయి, అందుకే స్పీడు దాదాపు సగానికి పడుతుంది. పైగా మనవాళ్ళు దాన్ని సిగ్నల్ అందని గదిలోనే పెడతారు. అక్కడ దానికే అందనిది మీకేం పంచుతుంది? వైరు లేకుండా పెట్టేదేదైనా సరే, సిగ్నల్ ఇంకా బాగున్న చోట, అంటే సగం దారిలో, మెట్ల దగ్గర ఉండాలి. మెష్ సెట్లకీ, అంటే రెండు మూడు పెట్టెలు కలిసి ఒకే వైఫైలా పనిచేసేవాటికీ, ఇదే లెక్క.

వైరు అనగానే గోడలు తొలవాలేమోనని టెన్షన్ పడకండి. ఇక్కడి ఇళ్ళలో అది ముందే వేసి ఉండే అవకాశం ఎక్కువ. గదుల్లో ఫోన్ జాక్ లాంటిది కనిపిస్తే, అద్దె ఇల్లయితే ఓనర్‌ని అడిగి, ప్లేటు విప్పి లోపలి వైరు మీద ఏం రాసుందో చదవండి. క్యాట్ 5ఈ అనో క్యాట్ 6 అనో ఉంటే అది నెట్‌వర్క్ కేబులే, పంట పండినట్టే. చివర ఉన్న ఫోన్ జాక్ తీయించి నెట్‌వర్క్ జాక్ పెట్టించి, క్లోజెట్ పెట్టెలో రెండో చివరని రౌటర్‌కి కలిపితే చాలు. ఈ కేబుల్ 100 మీటర్ల దాకా పనిచేస్తుంది, ఇంట్లో దూరం అడ్డే కాదు.

అది లేకపోతే కేబుల్ టీవీ కోసం వేసిన గుండ్రటి కోయాక్స్ పాయింట్ చూడండి. అది చాలా ఇళ్ళలో చాలా గదుల్లో ఉంటుంది. మోకా అనే అడాప్టర్లు ఒక జత కొని, ఒకటి మొదటి రౌటర్ దగ్గర, ఇంకొకటి పై గదిలో పెడితే, ఆ టీవీ వైరే నెట్‌వర్క్ కేబుల్ అయిపోతుంది. జత వంద డాలర్లు దాటుతుంది, కానీ పనితనం నిజమైన కేబుల్‌కి దగ్గరగా ఉంటుంది. మూడు సంగతులు గుర్తుంచుకోండి. ఆ వైరు మీద డిష్ టీవీ ఉంటే ఈ రెండూ కలిసి పనిచేయవు. మధ్యలో పాత స్ప్లిటర్ (ఒక వైరుని రెండు మూడుగా చీల్చే ముక్క) ఉంటే మార్చాలి, దాని మీద 1675 మెగాహెర్ట్జ్ దాకా అని రాసి ఉండాలి. లైను ఇంట్లోకి వచ్చే చోట చిన్న ఫిల్టర్ ఒకటి బిగించాలి, లేకపోతే మీ సిగ్నల్ పక్కింటి దాకా పోవచ్చు.

కరెంటు వైర్ల మీద నడిచే పవర్‌లైన్ అడాప్టర్లు కూడా ఉన్నాయి. ఒక ఇంట్లో బాగుంటాయి, పక్కింట్లో ఏడిపిస్తాయి. వాపసు తీసుకునే దుకాణంలోనే కొనండి.

ఇక సెట్టింగ్స్. రెండో రౌటర్‌ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లో, అంటే పెత్తనం చేయకుండా వైఫై మాత్రమే ఇచ్చేలా, పెట్టడమే అసలు పని. నేను ఈ ముక్క తెలియక, హైదరాబాద్ నుంచి తెచ్చుకున్న రౌటర్‌ని ఉన్నదున్నట్టు తగిలించాను. రెండూ 192.168.1.1 అనే అడ్రసే పెట్టుకున్నాయి, రెండూ ఇంట్లో ఫోన్లకి అలాంటి నెట్‌వర్క్ అడ్రసులు పంచడం మొదలెట్టాయి. ఒకే ఇంట్లో ఇద్దరు పెత్తందార్లన్నమాట. కొన్ని ఫోన్లకి నెట్ వచ్చింది, కొన్నిటికి రాలేదు, ప్రింటర్ మాయమైంది. యాక్సెస్ పాయింట్ మోడ్ ఉంటే అది నొక్కితే సరి. పాతదాంట్లో ఆ మోడ్ లేకపోతే, ముందు దాన్ని విడిగా లాప్‌టాప్‌కి కలిపి, అడ్రస్‌ని మొదటి రౌటర్ పంచే వరసలో లేని నంబర్‌కి, ఉదాహరణకి 192.168.1.2కి మార్చండి. అడ్రసులు పంచే డీహెచ్‌సీపీ అనే సెట్టింగ్ ఆపేయండి. తర్వాత మొదటిదాని ల్యాన్ పోర్ట్ (ఇంట్లో పరికరాలు తగిలించేది) నుంచి రెండోదాని ల్యాన్ పోర్ట్‌కే కేబుల్ పెట్టండి, బయటి నెట్ లైను కోసం ఉండే వ్యాన్ పోర్ట్ జోలికి పోవద్దు.

వైఫై పేరు, పాస్‌వర్డ్ రెండిటికీ ఒకటే పెడితే ఫోన్ తనంతట తానే దగ్గరిదానికి మారుతుంది. కొన్ని ఫోన్లు మొండిగా దూరపుదాన్నే పట్టుకుని వేలాడతాయి, అప్పుడు సెట్టింగ్స్‌లో మొదటిదాని వైఫై సిగ్నల్ పవర్ కాస్త తగ్గించండి. 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో ఛానెళ్ళు (బ్యాండ్‌ని విడగొట్టిన దారులు) ఒకదానికి 1, ఇంకొకదానికి 6 లేదా 11 ఇవ్వండి, ఈ మూడే ఒకదాన్నొకటి తాకవు.

ఇండియా నుంచి తెచ్చుకున్న రౌటర్‌తో ఇంకో తిరకాసు ఉంది. అక్కడ 2.4 బ్యాండ్‌లో 13 ఛానెళ్ళున్నాయి, ఇక్కడ 11 దాకానే వాడతాం. అది తనంతట తానే 12నో 13నో ఎంచుకుంటే, ఇక్కడ కొన్న లాప్‌టాప్‌కి ఆ వైఫై కనిపించకపోవచ్చు. అడాప్టర్ మీద 100-240 వోల్టులని ఉందో లేదో కూడా చూసి మరీ ప్లగ్ చేయండి. అప్‌డేట్లు రావడం ఆగిపోయిన మోడల్ అయితే, నా మాట విని, పక్కన పడేసి ఇక్కడే కొత్తది కొనండి.

ఇంకా అపార్ట్‌మెంట్‌లోనే ఉన్నవాళ్ళకి రెండో రౌటర్ అవసరం తక్కువే. అక్కడ బాధకి కారణం దూరం కాదు, చుట్టూ ఉన్న పాతిక వైఫైల రొద. 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌కి మారి చూడండి. అయినా కావాలంటే పల్చటి ఫ్లాట్ కేబుల్‌ని గోడ అడుగు చెక్క వెంబడి, కార్పెట్ అంచులో దూర్చేయొచ్చు. గోడకి మేకు కొట్టక్కర్లేదు, డిపాజిట్ క్షేమం.

అన్నీ అయ్యాక, పై గది నుంచి రాత్రి ఇండియా టీమ్ కాల్‌లో గంట కూర్చుని చూడండి. తెగకపోతే పెంచిన ప్లాన్‌ని మళ్ళీ తగ్గించుకోవచ్చు, నేను అలాగే తగ్గించుకున్నాను. ఒక్కటే జాగ్రత్త, అమ్మానాన్నలు వచ్చి ఆ గదిలో దిగితే, ఫోన్ ఛార్జర్ కోసం మొదట పీకేది రౌటర్ ప్లగ్గే. ప్లగ్ మీద టేపు వేసి "తీయొద్దు" అని తెలుగులో రాసి పెట్టండి. మా అమ్మ అది చదివి, పక్కనే ఉన్న మోకా అడాప్టర్ ప్లగ్ పీకింది. దాని మీదా రాయండి.